తామర గిన్నెకు పెచ్చు లేదని చెప్పిన ఫోటో

ఫోటోగ్రఫీలోకి రావాలనుకునే పిల్లలు మా ఇంటికి వచ్చి మొదట అడిగేది ఏ కెమెరా కొనాలని. చెప్తాను. ఫోన్లో రాసుకుంటారు, కాఫీ తాగుతారు, వెళ్లిపోతారు. తీసిన ఫోటోను తర్వాత ఏం చేయాలన్న రెండో ప్రశ్న ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం రిటైరైనవాళ్ల జన్మహక్కు కాబట్టి ఇది రాస్తున్నాను.

నేను బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో నలభై ఏళ్లకు పైగా ఫోటోలు తీశాను. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికి వచ్చాడు. మా నాన్నా గనిలోకే దిగాడు. నేను స్టూడియో చీకటిగదిలోకి దిగాను. మా అమ్మ లెక్కలో రెండింటికీ పెద్ద తేడా లేదు, ఇద్దరం సాయంత్రం కళ్లు చిట్లించుకుంటూనే ఇంటికి వచ్చేవాళ్లం. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు ఎన్ని తీశానో చెప్పి మిమ్మల్ని విసిగించను. చెప్పదలచుకున్నది ఒక గాజు గిన్నె గురించి, నా పనితనం వల్ల మునెమ్మ అనే మనిషికి ఉద్యోగం పోబోవడం గురించి.

కోటు వేసే విద్య

నాకు పని నేర్పింది సెల్వం మాస్టరు. స్టూడియో ఆయనదే. అరవం ఆయన మాతృభాష, తెలుగు ఆయన వ్యాపార భాష, మౌనం ఆయన మెచ్చుకోలు భాష. ఏమీ అనలేదంటే పని బాగుందని అర్థం చేసుకోవాలి. అట్లా పన్నెండేళ్లు అర్థం చేసుకున్నాను.

ఆయన దగ్గర నేర్చుకోవలసిన అసలు విద్య కెమెరా కాదు, టచింగ్. సన్నగా చెక్కిన పెన్సిలు పట్టుకొని, భూతద్దంలో చూస్తూ, నెగటివ్ మీద మొటిమలు, మచ్చలు, కళ్లకింద నలుపు పోగొట్టడం. మా ఊళ్లో ఈ విద్యకు ఇంకో అవసరం ఉండేది. గనిలో మనిషి పోతే ఇంట్లో వాళ్ల దగ్గర అతని ఫోటో ఉండేది కాదు. గని పాస్ మీద అంటించినది ఒక్కటే మిగిలేది, ఛాతీ మీద నంబరు పలకతో, దొంగతనం చేసి పట్టుబడినవాడి మొహంతో. దాన్ని తెచ్చి మాస్టరు చేతిలో పెట్టేవాళ్లు. ఆయన నంబరు పలక తీసేసి కోటు వేసేవాడు, టై కట్టేవాడు, తల దువ్వేవాడు. బతికినన్నాళ్లు చొక్కా గుండీలు సరిగ్గా లేని మనిషి గోడమీదికి దొర అయి ఎక్కేవాడు.

ఒకసారి ఒకావిడ అట్లాంటి ఫోటో చేతిలోకి తీసుకొని చాలాసేపు చూసింది. "బాగుండాడు. ఎవరప్పా ఈయప్ప?" అని అడిగింది. మాస్టరు గొంతు సవరించుకొని, మీ ఆయనే తల్లీ అన్నాడు. ఆమె ఇంకోసారి చూసి, సరేలే అని కొంగులో చుట్టుకొని పోయింది. ఆ రోజు మాస్టరు మళ్లీ పెన్సిలు పట్టలేదు. నాకు మాత్రం నవ్వు వచ్చింది. అంత బాగా టచింగ్ చేయడం ఎప్పటికి నేర్చుకుంటానా అని అసూయ కూడా కలిగింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది, కానీ అప్పుడు కలిగింది అసూయే.

తప్పు దాచడమే దయ అనీ, ఎంత బాగా దాచితే అంత గొప్ప పనివాడు అనీ నాకు అక్కడ ఒంటబట్టింది. పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చినా ఈ బుద్ధి మారలేదు. పైగా కంప్యూటర్లో పని సులువై, కనపడిన మచ్చనల్లా తీయడం మొదలుపెట్టాను. పెళ్లికొడుకు బుగ్గమీద మచ్చ తీసేస్తే, అది మా వాడి అదృష్టపు మచ్చ అని వాళ్లమ్మ గొడవపడి మళ్లీ పెట్టించుకుంది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు.

గాజుకు లైటు వేయకండి

మా ఊళ్లో దొరల కాలం నాటి బంగళా ఒకటి ఉంది. దాన్ని ఒక ట్రస్టు వాళ్లు మ్యూజియం చేశారు. బంగారు గనుల ఊరు కాబట్టి లోపల బంగారం ఉంటుందని జనం టికెట్టు కొంటారు. ఉండేది గాజు. ఎప్పుడో ఒక దొరసాని ముచ్చటపడి పోగేసిన పూలకుండీలు, అత్తరు సీసాలు, దీపపు బుడ్లు, కాగితాలు ఎగరకుండా పెట్టే గాజు గుండ్లు. అన్నిటికన్నా అందమైనది నీలం రంగు తామర గిన్నె. ఎనిమిది రేకులు, ఒక్కో రేకు అంచు దగ్గరకు వచ్చేసరికి నీలం పలచబడి నీళ్ల రంగు అవుతుంది. బంగారం లేదని మొహం ముడుచుకున్న జనం కూడా ఆ గిన్నె దగ్గర ఒక నిమిషం ఆగుతారు.

ట్రస్టు సెక్రటరీ గారు రిటైరైన ఇంజనీరు. మంచివాడు. మంచివాళ్ల కింద పనిచేయడం కష్టం, వెనకాల తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకదు. గాజు సామానంతా కలిపి ఒక పుస్తకం వేయాలని ఆయనకు కోరిక. మాస్టరు తర్వాత నేను నడిపిన స్టూడియో అప్పటికే మూసేసి ఇంట్లో కూర్చున్నాను. పిలిచారు, వెళ్లాను. మాటకు ముందు ఒకసారి, మాటకు వెనక ఒకసారి "ఫోటో అబద్ధం చెప్పదండీ" అనడం ఆయనకు అలవాటు. నలభై ఏళ్ల నా సంపాదన అంతా అబద్ధాల మీదే నడిచిందని ఆయనకు ఎవరు చెప్పాలి?

పిల్లలకు పనికొచ్చే మాట కాబట్టి ఇక్కడ చెప్తాను. గాజును ఫోటో తీయడమంటే గాజులో మీ మొహం పడకుండా చూసుకోవడం. కిటికీ పడుతుంది, లైటు పడుతుంది, మీ తెల్లచొక్కా పడుతుంది. నల్లచొక్కా వేసుకోండి. గాజు మీదికి నేరుగా లైటు వేస్తే అది లైటునే చూపిస్తుంది, తనను చూపించదు. వెనకనున్న గుడ్డకు లైటు వేయండి, రెండు పక్కలా నల్లగుడ్డ పట్టించండి. అప్పుడు అంచులు గీత గీసినట్టు పైకి వస్తాయి. ఫ్యాను ఆపండి. మా ఊళ్లో అయితే కిటికీలు కూడా మూయాలి, బంగారం తీశాక పారబోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్ల దుమ్ము ఏ సందులోంచైనా వస్తుంది.

ఆ దుమ్ముతో రోజూ యుద్ధం చేసేది మునెమ్మ. ఆమె సొంతూరు క్యాసంబళ్ళి. భర్త గనిలో పనిచేశాడు, గని మూతపడ్డాక తాగి తాగి పోయాడు. మ్యూజియంలో తుడిచే పని ఆమెకు పదేళ్లుగా ఉంది. జాగ్రత్తలు చెప్పబోయి, ఆమె పని చేసే పద్ధతి చూసి మానుకున్నాను. ఆమె నిలబడి ఏ వస్తువునూ తుడవదు. నేలమీద దుప్పటి పరుచుకొని, కాళ్లు చాపుకొని కూర్చొని, సంటిబిడ్డకు నీళ్లు పోసినట్టు వస్తువును కాళ్ల మధ్య పెట్టుకొని పాత పంచె గుడ్డతో తుడుస్తుంది. జారినా ఒళ్లోనే పడుతుంది. ఎవరూ నేర్పలేదట. పదేళ్లలో ఒక్క సీసా మూత కూడా విరగలేదు.

మూడు రోజులు ఆమే నాకు నల్లగుడ్డ పట్టుకుంది. చేతులు నొప్పి పుడుతున్నా కదిలేది కాదు. మూడో రోజు తామర గిన్నె వంతు వచ్చింది. దాన్ని బల్లమీద పెట్టబోతూ ఆగింది.

"ఈడ చూడప్పా, ఈ రేకు అంచున పెచ్చు ఊడి ఉండాది. నిన్న కూడా ఉండింది. ఆఫీసులో చెప్పాల్నా?"

వంగి చూశాను. బొటనవేలి గోరులో సగం ఉంటుంది. ఎప్పటిదో, ఎవరి చేతిలోదో తెలియదు. "నేను చూసుకుంటాలేమ్మా" అన్నాను.

ఆఫీసులో నేను చెప్తానని ఆమె అనుకుంది. కంప్యూటర్లో తీసేస్తానని నేను అనుకున్నాను. చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదంటే మీరు నమ్మరు, కానీ నిజంగానే రాలేదు. పెచ్చు నా కంటికి మొటిమలాగే కనపడింది. మొటిమ ఉందని ఎవరైనా ఆఫీసుకు వెళ్లి చెప్తారా?

కవరు మీద

ఇక్కడ ఒక తమాషా ఉంది. అంచులు బాగా పైకి రావాలని లైటు సర్దుకున్నాను కదా, ఆ లైటుకు గిన్నె మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ మెరిసింది ఆ పెచ్చే. దాన్ని పైకి తెచ్చింది నా పనితనం, మాయం చేసిందీ నా పనితనమే. గంటన్నర కూర్చొని, పక్క రేకు అంచును తెచ్చి అతికించి, నీలాన్ని నీళ్లలోకి కరిగించాను. మాస్టరు ఉంటే ఏమీ అనేవాడు కాదు.

ఆ ఫోటోనే పుస్తకానికి కవరు అయింది. విడుదల సభలో నాకు శాలువా కప్పారు. బెంగుళూరులో ఒక పెద్ద మ్యూజియంలో నెల రోజుల పని ఉందనీ, నా పేరు చెప్పాననీ సెక్రటరీ గారు చెవిలో చెప్పారు. స్టూడియో మూసేసిన ముసలివాడికి అంతకన్నా ఏం కావాలి. మునెమ్మ కూడా సభకు వచ్చింది, వెనక వరసలో కూర్చొని చప్పట్లు కొట్టింది.

కొన్ని నెలలకు బెంగుళూరులో గాజు ప్రదర్శన పెడుతూ తామర గిన్నెను అడిగారు. తీసుకెళ్లేముందు వస్తువును చూసి రాసుకోవడానికి ఒకమ్మాయి వచ్చింది. చేతికి తొడుగులు, కంటికి భూతద్దం, చంకలో మా పుస్తకం. గిన్నెను చూసింది, కవరును చూసింది, మళ్లీ గిన్నెను చూసింది. ఫోటో తీసినప్పుడు లేని పెచ్చు ఇప్పుడు ఉంది కాబట్టి ఈమధ్యనే విరిగిందని రాసుకుంది. ఈమధ్య ఆ గిన్నెను ముట్టుకున్నది ఎవరు? రోజూ ముట్టుకునేది ఒక్క మునెమ్మే.

సెక్రటరీ గారు అరవలేదట. మునెమ్మను పిలిచి, కవరు ముందుపెట్టి, పొరపాటున విరిగి ఉంటే చెప్పొచ్చు కదా, దాచడమెందుకు అన్నారట. నా చేతిలో విరగలేదు, ఫోటో తీయకముందే ఉండింది, ఫోటో అప్పకు కూడా చెప్పినాను అని ఆమె అంటే, పాపం ఆయన మళ్లీ అదే మాట అన్నారట. ఫోటో అబద్ధం చెప్పదు. సోమవారం నుంచి రావద్దన్నారు.

ఆదివారం

ఆదివారం పొద్దున మునెమ్మ మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడప దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

"పనిపోతే ఇంగో యాడన్నా తుడుస్తానప్పా. పగలగొట్టి దాచిపెట్టిందని పేరు ఏసుకొని యాడికి పోయేది? నీకు చెప్పినాను కద నేను. చూసుకుంటా అన్నావు కద."

అప్పుడు నేను చేసిన పని రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాస్తాను. "రేపు మాట్లాడతాలేమ్మా, ఏదో ఒకటి చేద్దాం" అన్నాను. నేనే తీసేశాను తల్లీ అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటికి రాలేదు. బెంగుళూరు పని గుర్తొచ్చింది, కప్పిన శాలువా గుర్తొచ్చింది. ఇది మునెమ్మ సంగతి, నేను సాయం చేయబోతున్నాను అన్నట్టు మొహం పెట్టాను. ఆమె నన్ను నమ్మి, నీకు పుణ్యం ఉంటాదప్పా అని దణ్ణం పెట్టి వెళ్లింది. నా బతుకులో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు.

మధ్యాహ్నం అన్నం సగంలో లేచాను. బీరువాలో పాత హార్డ్ డిస్కు ఉంది. లేకపోతే బాగుండునని మనసులో ఒక మూల అనుకున్నాను, అది కూడా దాచను. ఉంది. తెరిచాను. చేయిపెట్టక ముందు తీసిన ఫోటో అందులో అట్లాగే ఉంది, పెచ్చు దీపం పెట్టినట్టు మెరుస్తూ.

ఏది నిజం

సోమవారం ఆఫీసు తెరవకముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాచ్‌మన్ నమస్కారం పెడితే కూడా వాడికి తెలిసిపోయిందేమో అని నాకు అనిపించింది. సెక్రటరీ గారు రాగానే రెండు ఫోటోలు బల్లమీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు మార్చుకొని చూశారు.

"రెండూ ఒకే రోజు తీసినవే కదండీ. ఇందులో ఏది నిజం?"

"పెచ్చు ఉన్నది సార్."

"మరి కవరు మీదిది?"

"అది బాగున్నది సార్."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం మాస్టరు మౌనం లాంటిది కాదని నాకు బాగానే తెలిసింది. మునెమ్మ నాకు ఆ రోజే చెప్పిందని, మీకు చెప్పాలా అని కూడా అడిగిందని, చూసుకుంటానన్నది నేనేనని, దాచింది నేనేనని చెప్పాను. చెప్పాక ఒక్క క్షణం హాయిగా అనిపించింది. తర్వాత ఆయన మొహం చూశాక ఆ హాయి కూడా పోయింది. పాపం, ఆయనకు బాధ కలిగింది గిన్నె గురించి కాదు. ఇరవై ఏళ్లుగా అంటున్న మాట ఒకటి పనికిరాకుండా పోయింది.

ఆ పొద్దునే మునెమ్మకు కబురు పంపారు. వచ్చింది. పనిలో చేరమన్నారు. క్షమించమని ఎవరూ అనలేదు, పెద్దవాళ్లు అనరు కదా. ఆమె చేరలేదు, బల్ల ముందే నిలబడింది. "నేను పగలగొట్టలేదని పుస్తకంలో రాసి పెట్టుకోండి సారూ. రేపు ఇంగొకరు వచ్చి అడిగితే మళ్లా నేను యాడ చెప్పేది" అంది. ఆయన రిజిస్టరు తీసి రాశారు. రాసింది చదివి వినిపించమంది. చదివారు. అప్పుడు కొంగు బిగించుకొని దుప్పటి తీసుకొని లోపలికి పోయింది. నావైపు చూడలేదు. నేను చేసినదానికి అది తక్కువే.

బెంగుళూరు పని నాకు రాలేదు. రాకపోవడమే న్యాయం. పుస్తకం మాత్రం మార్చలేదు. మిగిలిన ప్రతులు కౌంటరు దగ్గర ఇప్పటికీ అమ్ముతున్నారు. కవరు మార్చమని నేను రెండుసార్లు అడిగాను. ఉన్నదే బాగుంది కదండీ అన్నారు.

గుర్తింపు కార్డు

నేను చేసిన మంచిపని ఒకటుందనుకున్నాను. ఇకమీద ప్రతి వస్తువునూ విరుగులు, పగుళ్లు, పెచ్చులతో సహా ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పెట్టాలని, ఎవరూ టచింగ్ చేయకూడదని నేనే ఒక నియమం రాసి సెక్రటరీ గారికి ఇచ్చాను. ఆయన సంతోషించారు. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలెక్కువ అన్నట్టు, వస్తువులతో ఆగకుండా పనివాళ్లకు కూడా ఆ నియమం పెట్టారు. అందరికీ గుర్తింపు కార్డులు, అందరికీ కొత్త ఫోటోలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. తీయాల్సింది మళ్లీ నేనే, ఊరికే. నేను ఒప్పుకున్నాను.

మునెమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను. ఇన్ని రోజులు చూసిన మనిషే, అయినా ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన గాటు ఒకటి ఉందని కంప్యూటర్లో చూసేదాకా నేను గమనించలేదు. గాజు మీది చిన్న గీతను పట్టే కన్ను మనిషి మొహాన్ని వదిలేసింది. ఆమె నా వెనక నిలబడి తెరమీద తనను చూసుకుంది.

"అది తీసేయప్పా."

తీయకూడదమ్మా, నియమం ఉంది అన్నాను. అంతటితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించాలి, దాచబట్టే కదా మొన్న అంత జరిగింది అని పంతులులాగా పాఠం చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"మా ఆయన తాగి లోటా ఇసిరేసిన గుర్తు అది. వాడు పోయినాడు, అది పోలేదు. దాన్ని ఇంగ మెడలో కూడా తగిలించుకొని తిరగాల్నా నేను? గిన్నె అడగలేదు, దానికి చేసినావు. నేను నోరు తెరిచి అడుగుతాండాను, నాకు చెయ్యవా?"

నలభై ఏళ్లలో వేలమంది మొహాల మీద చేయిపెట్టాను. ఏది తీయాలో, ఏది ఉంచాలో ఒక్కరిని అడిగింది లేదు. కోటు వేసుకున్న చచ్చినవాళ్లను సరే, బతికున్నవాళ్లను కూడా అడగలేదు.

కూర్చొని ఆ గాటు తీసేశాను. ఆమె నిలబడే చూసింది, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ. అయ్యాక ఫోటో అచ్చువేసి వెనక్కి తిప్పాను. "ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంది. ఫోటోలో తీసేశాను. తీయమన్నది మునెమ్మ, తీసింది నేను" అని రాసి సంతకం పెట్టాను. ఏమి రాసినావప్పా అని అడిగితే చదివి వినిపించాను. తీసేసినది ఏమిటో రాసి నేను సంతకం పెట్టిన మొదటి ఫోటో అదే.